సున్న నోటికి మాట వచ్చిన వారం

పత్రికలకు బొమ్మలు వేసే కుర్రాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మీ రోజుల్లో పని ఎలా ఉండేదండీ, మాకేమైనా చెప్పండి" అంటారు. గీత ఎలా గీయాలో నేను చెప్పక్కర్లేదు, వాళ్ళకి నాకంటే బాగా వచ్చు. ఏ ఏడు ఏ హోదా వచ్చిందో చెప్పడానికి నాకే విసుగు. నాకు చెప్పాలనిపించేది ఒక్కటే సంగతి. అది ఏం నేర్పిందంటే మాత్రం తిన్నగా చెప్పలేను. ఇన్నేళ్ళయినా అందులో నా తప్పెంతో, నా మంచెంతో తేలలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను, మీరే చూసుకోండి.

రాతి మీద పని

మాది ఏలూరు. మా నాన్న తివాచీలకు నమూనాలు గీసేవారు. నేను ఆ పనిలోకి వెళ్ళకుండా ఊళ్ళోనే ఒక రాతి అచ్చు ప్రెస్సులో చేరాను. అప్పటికి ముప్పైల దశకం మొదలై కొన్నేళ్ళయింది. పొగాకు కట్టల మీద లేబుళ్ళు, నాటకాల గోడపత్రికలు, దేవుళ్ళ పటాలు గీసేవాణ్ణి. నున్నగా అరగదీసిన రాతిపలక మీద జిడ్డు సిరాతో బొమ్మ గీస్తాం. దాని మీద కాగితం వేసి ఒత్తుతారు. అద్దంలో చూసినట్టు రాతి మీద ఎడమ పక్కన ఉన్నది కాగితం మీద కుడి పక్కకి వస్తుంది. అందుకని మేము అన్నీ తిరగేసి గీయాలి, అక్షరాలు కూడా. అలవాటు లేనివాడికి తల తిరుగుతుంది. నాకు ఆర్నెల్లలో చేతికి వచ్చేసింది. ఆ తర్వాత తప్పు జరిగిందంటే ఒక్కసారే జరిగింది.

ప్రెస్సు యజమాని వెంకటరత్నం గారు ఒక వారపత్రిక పెట్టారు. మంచి మనిషి, ఉత్సాహం పాలు ఎక్కువ, ధైర్యం పాలు తక్కువ. "చదువు రానివాళ్ళు కూడా కొనుక్కునేలా బొమ్మలతోనే కథ చెబుదాం" అన్నారు. అలాంటిది మేమెవరం అంతకుముందు చూడలేదు. కథ రాయడానికి హైస్కూల్లో సైన్సు చెప్పే సోమయాజులు మేష్టారిని పిలిచారు.

మేష్టారి కథ విని నేను బెదిరిపోయాను. మూడు వందల ఏళ్ళ తర్వాత లోకం. ఇనుప నగరం. ప్రతి మనిషికీ నుదుటి మీద ఒక అంకె పొడుస్తారు. ఆ అంకె చూసి తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. పెద్ద అంకె వాడికి చిన్న తలుపు, చిన్న అంకె వాడికి పెద్ద తలుపు. రాజు మనిషి కాడు, గోడల్లోని గొట్టాల్లోంచి మాట్లాడే యంత్రం. సరస్సు నీళ్ళన్నీ ఒక ఇనుప తలుపు వెనక బంధించి, గుక్కెడు గుక్కెడు వదులుతుంది. దాన్ని ఎదిరించే వీరుడు విక్రముడు, ఒకటో అంకె వాడు. అతని పెట్టె మోసుకుంటూ వెనకాల ఒక నౌకరు తిరుగుతాడు. వాడికి అంకే లేదు, కాబట్టి ఏ తలుపూ తెరుచుకోదు. కిటికీల్లోంచి, తూముల్లోంచి దూరాలి. ఎవరూ ముట్టుకోరు, తన్నేటప్పుడు తప్ప. వాడి పేరు సున్న. జారిపడి నవ్వించడమే వాడి పని. మేష్టారు వాడికి ఒక్క మాట కూడా రాయలేదు.

దోనెలో

సరస్సు ఎలా గీయాలో తెలియక కొల్లేరు చూడ్డానికి వెళ్ళాను. తాడేపల్లిగూడెం దాకా రైలు, అక్కణ్ణించి గణపవరం మీదుగా ఒడ్డున ఉన్న ఒక ఊరు. ఆ ఊరి పేరు రాయను, అక్కడివాళ్ళ మనవలు ఇప్పుడూ ఉన్నారు. తాటిమొద్దు తొలిచిన దోనెలో నన్ను తిప్పినవాడు ఏసోబు. ఊరికి దిగువన ఉన్న పల్లెలో ఉంటాడు. నా ఈడువాడే. మిషను బళ్ళో నాలుగు అక్షరాలు నేర్చుకున్నాడు. గెడతో దోనె నెడుతున్నప్పుడు గట్టిగా మూసుకునే పెదవులు, ముందుకొచ్చిన దవడ, ఒక కనుబొమ్మ మధ్యలో తెగిన మచ్చ. నేను నీళ్ళు గీస్తున్నట్టే గీస్తూ అతని మొహం నాలుగు కాగితాల మీద దింపుకున్నాను. అడగలేదు. అడగాలని తోచలేదు. పక్షుల్ని గీసుకున్నాను, తామరాకుల్ని గీసుకున్నాను, వాటినీ అడగలేదు కదా. అప్పట్లో నా బుద్ధి అంతవరకే పనిచేసింది.

సున్నకి ఆ మొహం పెట్టాను. తన్నులు తిని బోర్లా పడుతుంటే ఆ దవడ చూడ్డానికి మరీ నవ్వొచ్చేలా కుదిరింది. వెంకటరత్నం గారు భుజం తట్టారు. నేనూ పొంగిపోయాను.

మెట్ల కింద నిలబడ్డ మనిషి

ఆరేడు వారాలు గడిచాక ఒక మధ్యాహ్నం ప్రెస్సు మెట్ల కింద ఎవరో నిలబడ్డారని చెబితే బయటికి వచ్చాను. ఏసోబు. చంకలో మా పత్రిక మడత.

"ఏం ఏసోబూ, ఇంత దూరం వచ్చావు?"

"ఆయ్. ఈ బొమ్మ మీరే ఏశారాండీ, సాయిబు గారూ?"

అవునన్నాను. మెచ్చుకోడానికి వచ్చాడనుకున్నాను, నిజంగా.

"గణపవరం సంతకెళ్తే నన్ను సున్నా అని పిలుత్తున్నారండీ. మొన్న ఒకాయన ఎనకనించి తన్నాడు. కోపంతో కాదండీ, నవ్వుతానే. ఇందులో ఇలాగే ఉంది కదా అని కాయితం సూపించాడు." అతను పత్రిక విప్పి, తను బోర్లాపడ్డ బొమ్మ మీద వేలు పెట్టాడు.

"అది నువ్వు కాదు, మూడు వందల ఏళ్ళ తర్వాత కథ" అన్నాను.

"అప్పటికీ ఇలాగే ఉంటదాండీ?" అన్నాడు.

ఎగతాళి లేదు ఆ గొంతులో. తెలుసుకోవాలనే అడిగాడు. తనే మళ్ళీ అన్నాడు. "తన్నితే తన్నారు లెండి. వాడెందుకండీ ఒక్క మాటా ఆడడు? మూగోడాండీ?"

"మేష్టారు రాయలేదు."

"ఆయ్" అన్నాడు. పత్రిక మళ్ళీ అదే మడతలో మడిచి వెళ్ళిపోయాడు. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదని అతను మలుపు తిరిగాక గుర్తొచ్చింది.

ఎడమా కుడీ

ఆ వారమే నేను తప్పు చేశాను.

ఆ వారం కథలో విక్రముడు, సున్న ఇనుప తలుపు ముందుకి వస్తారు. ఎడమ పక్కన విక్రముడు చెయ్యెత్తి నిలబడాలి. కుడి పక్కన సున్న పెట్టె పట్టుకుని చూస్తుండాలి. విక్రముడి నెత్తి మీద మాటలు: "పక్కకి తప్పుకోండి. ఈ తలుపు నేను తీస్తాను." నాకు ముందు అక్షరాలు రాసేసి తర్వాత మనుషుల్ని గీయడం అలవాటు. అక్షరాలు సరిగ్గానే తిరగేసి రాశాను. మనుషుల్ని మాత్రం తిరగేయకుండా గీశాను. అచ్చులో మాటలు ఎడమనే పడ్డాయి. వాటి కింద సున్న నిలబడ్డాడు. విక్రముడు కుడిపక్కకి పోయి, ఎత్తిన చేత్తో "వద్దు, వద్దు" అంటున్నట్టు కనబడ్డాడు.

మొదటి కాగితం నా చేతికే ఇచ్చారు చూడమని. అక్షరదోషాలు చూశాను, లేవన్నాను. బొమ్మ కూడా చూశాను. చూసి ఎలా ఊరుకున్నానో నాకు తెలియదు. నా చెయ్యి మరిచిపోయిందా, మరిచిపోయినట్టు నటించిందా అని చాలాసార్లు నన్ను నేను అడిగాను. ఒకసారి ఇటనిపిస్తుంది, ఒకసారి అటనిపిస్తుంది. పత్రికలు రైలెక్కిపోయాక మేష్టారు ప్రెస్సులోకి వచ్చారు. ఆయన మొహం చూసినప్పుడే నా తప్పు నాకు తెలిసింది.

"ఖాదరూ, ఏం చేశావయ్యా? నా వీరుణ్ణి పిరికివాణ్ణి చేశావే!"

కాళ్ళావేళ్ళా పడ్డాను. వచ్చే వారం 'పొరపాటు సవరణ' వేస్తామని వెంకటరత్నం గారు సముదాయించారు. ఆ సవరణ రాసి పెట్టుకున్నాం కూడా. ఈలోగా ఉత్తరాలు వచ్చాయి. తాడేపల్లిగూడెం నుంచి, పెంటపాడు నుంచి, దెందులూరు నుంచి. సంతకం చేయడం రానివాళ్ళ తరఫున ఎవరో రాసిపెట్టిన కార్డులూ ఉన్నాయి. అన్నిటిలో ఒకటే ప్రశ్న: సున్న తలుపు తీశాడా, లేదా? విక్రముడు ఏమయ్యాడని ఒక్కరూ అడగలేదు.

మేష్టారు

సోమయాజులు మేష్టారి గురించి ఒక మాట చెప్పాలి. ఆయన కోపిష్టి, ఆచారం పట్టింపు ఎక్కువ. నేను తాకిన కాగితం బల్ల మీద పెడితేనే తీసుకునేవారు. అంకెలు చూసి తెరుచుకునే తలుపుల కథ రాసింది ఆ మనిషే. తను రాసింది తనకే కనబడలేదా, కనబడే రాశారా అని నేను ఎప్పుడూ అడగలేకపోయాను.

ఆ కార్డులన్నీ చదివి రెండు రోజులు ఆయన రాలేదు. మూడో రోజు వచ్చి, నా రాతిపలక ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"ఏడెనిమిది వారాలు వాణ్ణి నడిపించాను. వాడేం తింటాడో కూడా నాకు తెలీదు. నీకు తెలుసా?"

"చేపలండీ. నత్తలు కూడా."

"కోపం వస్తే ఏం చేస్తాడు?"

"ఏం చెయ్యడండీ. ఒక ప్రశ్న అడిగి వెళ్ళిపోతాడు."

మేష్టారు రాసుకోడానికి కాగితం ఇమ్మన్నారు. ఆ రోజు నా చేతిలోంచే తీసుకున్నారు.

సవరణ వేయలేదు. అక్కణ్ణించి కథ సున్నదే అయిపోయింది. విక్రముడు గొట్టాల్లోని యంత్రం పెట్టిన ఆశకి లొంగి అటు చేరిపోయాడు. సున్న, అంకె లేదు కాబట్టి యంత్రానికి కనబడడు. కనబడడు కాబట్టి గొట్టాల వెంబడి పాకి లోపలికి పోగలిగాడు. నాలుగు వారాల తర్వాత ఇనుప తలుపు పగలగొట్టాడు. ఆ పేజీ అంతా నీళ్ళే గీశాను. ఆ నీళ్ళ మధ్య నడుములోతులో సున్న, పెదవులు గట్టిగా బిగించి. నేను గీసినవాటిలో అంత బాగా కుదిరింది ఇంకొకటి లేదు.

గండి

ఆ పేజీ వచ్చిన రెండు వారాలకి ముసురు పట్టి కొల్లేరు పొంగింది. ఏసోబు ఊళ్ళో రైతులు తమ పొలాల మీదికి నీళ్ళు రాకుండా ముందే గట్టు వేసుకున్నారు. గట్టుకి ఇవతల పచ్చగా నారుమళ్ళు, అవతల పల్లె. గట్టు ఆపిన నీళ్ళు పల్లెలోకి ఎక్కాయి. మూడు రోజులు జనం చూరు వాసాలు పట్టుకుని ఉన్నారట. నాలుగో రోజు తెల్లారేసరికి గట్టుకి గండి పడింది. పల్లె బయటపడింది, పొలాలు మునిగాయి.

గండి దానంతటది పడలేదు, పలుగు దెబ్బలున్నాయన్నారు. ఎవరు కొట్టారో చూసినవాళ్ళు లేరు. కానీ ఊళ్ళో మా పత్రిక ఉంది. అందులో తలుపు పగలగొట్టి నీళ్ళు వదులుతున్న ఏసోబు ఉన్నాడు. అతన్ని పట్టుకుపోయారు.

నాకు సాక్ష్యం చెప్పమని సమను వచ్చింది. వెంకటరత్నం గారు గది తలుపు వేసి చెప్పారు. "ఊహించి గీశానని చెప్పు. ఏ మనిషినీ చూసి గీయలేదను. ఆ ఒక్క మాటతో అతనూ బయటపడతాడు, మనమూ బయటపడతాం. పత్రిక జనాన్ని రెచ్చగొట్టిందన్నారంటే ప్రెస్సుకి తాళం పడుతుంది ఖాదరూ."

అందులో తప్పేం కనబడలేదు నాకు. రైల్లో కూర్చుని ఆ మాటే వల్లె వేసుకున్నాను.

బోనులో

తాడేపల్లిగూడెంలో విచారణ. నాకంటే ముందు పొలం మునిగిన రైతు చెప్పాడు. పెద్ద రైతే, కానీ బోనెక్కి ఏడ్చాడు. "విత్తనం మళ్ళీ దొరకదండీ, ఈ ఏడు నా చేను బీడేనండీ" అంటూ తలపాగాతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన్ని దుర్మార్గుడనుకుని వెళ్ళినవాణ్ణి, అక్కడికక్కడే నా కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నా వంతు వచ్చింది. సర్కారు వకీలు ఆ పేజీ చూపించి, "ఈ మొహం ఎవరిది?" అన్నాడు.

ఊహ అని చెప్పబోతూ ఏసోబు వైపు చూశాను. అతను నా వైపు చూడ్డం లేదు. బొమ్మ వైపు చూస్తున్నాడు, ఏం చెబుతానా అని కాదు, బొమ్మనే. నా నోట్లోంచి, "ఇతనిదేనండీ" అని వచ్చింది.

కోర్టంతా గుసగుసలు. "అయితే తలుపు తీసింది ఇతనే?" అన్నాడు వకీలు.

"కాదండీ. మొహం ఇతనిది, అడక్కుండా నేను తీసుకున్నాను. తలుపు తీయించింది నేను. అదీ పొరపాటున."

మేజిస్ట్రేటు గారు కలం ఆపి, "పొరపాటున ఎలా తీయిస్తారండీ?" అని అడిగారు.

రాతి మీద ఎడమ అచ్చులో కుడి అవుతుందని చెప్పాను. అర్థం కాలేదన్నారు. కాగితం అడిగి గీసి చూపించాను. "అంటే ఇక్కడున్నది విక్రముడా?" "కాదండీ, ఉండాల్సింది విక్రముడండీ, ఉన్నది సున్నండీ." "మరి మాట ఎవరిది?" "విక్రముడిదండీ. సున్న నోట్లో పడిందండీ." వెనకాల ఎవరో పకాలున నవ్వారు. గుమాస్తా రాసింది రెండుసార్లు కొట్టేశాడు. నాకూ ఎడమేదో కుడేదో మరిచిపోయేంత అయోమయం పట్టుకుంది. చివరికి, "సవరణ వేద్దామనుకున్నామండీ, జనం ఒప్పుకోలేదండీ" అన్నాను.

మేజిస్ట్రేటు గారు నవ్వలేదు. కాసేపు ఆ కాగితం తిప్పి తిప్పి చూశారు. తర్వాత, గండి కొట్టడం చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని మరోసారి అడిగారు. ఎవరూ లేరు. బొమ్మ సాక్షి కాదన్నారు. ఏసోబుని వదిలేశారు.

బయట కాఫీ హోటలు ఉంది. అతన్ని లోపలికి రానివ్వరు. నేను రెండు గ్లాసులు బయటికి తెచ్చి, ఇద్దరం చెట్టు నీడన నిలబడి తాగాం.

"మిమ్మల్ని అడక్కుండా గీశాను, తప్పయింది" అన్నాను. ఆ రోజే మొదటిసారి అతన్ని మీరన్నాను. అతను కంగారుపడ్డాడు.

"అయ్యో, అలా అనకండీ" అని, "ఇప్పుడు పల్లెకెళ్తే అందరూ అడుగుతారండీ, గండి నువ్వే కొట్టావా అని. ఏం సెప్పమంటారు?" అన్నాడు.

"నిజం చెప్పండి."

"నేనే కొట్టానంటే మళ్ళీ పట్టుకుపోతారు. కొట్టలేదంటే..." అని గ్లాసు కడిగి బోర్లించాడు. "వాళ్ళు నా మొహం సూసి బతికారండీ ఆ మూడు రోజులూ. ఆ కాయితం సూరులో దోపుకున్నారంట."

మరి నిజమేమిటని నేను అడగాలి. అడగలేకపోయాను. గణపవరం బస్సు వస్తే ఎక్కి వెళ్ళిపోయాడు.

తూము

బొమ్మల కథ ఆ వారంతో ఆపేశారు. నన్ను మళ్ళీ లేబుళ్ళకి మార్చారు. వెంకటరత్నం గారి మీద అప్పుడు కోపం వచ్చింది, ఇప్పుడు లేదు. నలభై మంది బతికే ప్రెస్సు కాపాడుకున్నాడాయన. మేష్టారు మాత్రం చాలా రోజులు వస్తూపోతూ, "యంత్రం ఇంకా చావలేదయ్యా, మధ్యలో వదిలేశాం" అనేవారు.

మరుసటి ఏడు వానలకి ముందు పల్లె జనం పలుగులు పట్టుకుని ఏసోబు గుమ్మం ముందుకి వచ్చి, "పద, ఈసారి ముందే కొడదాం" అన్నారట. అతను పలుగు పట్టుకోకుండానే వెళ్ళి గట్టు మీద కూర్చున్నాడట. వెనకాల పల్లెంతా కూర్చుంది. రైతులు వచ్చారు, కేకలు వేశారు, బెదిరించారు. అతను లేవలేదు. మూడు రోజులు మాటలు నడిచాక, బోనులో ఏడ్చిన ఆ పెద్ద రైతే ముందుకొచ్చి గట్టులో తూము పెట్టడానికి ఒప్పుకున్నాడు. నీళ్ళు మితం దాటితే తూము తలుపు ఎత్తాలి. ఎత్తే పని ఏసోబుది.

ఈ సంగతి విని నేను చూడ్డానికి వెళ్ళాను. వర్షాకాలం అయిపోయింది. గట్టుకి ఇటు వరి, అటు పల్లె, రెండూ పొడిగా ఉన్నాయి. తూము తలుపు మొద్దుచెక్క. దాని మీద చెయ్యేసి నిలబడి ఏసోబు నాకు ఎంతెంత నీటికి ఎంతెత్తాలో వివరంగా చూపించాడు. దారిన పోయే రైతులు కూడా ఆగి, "ఏం ఏసోబూ, నీళ్ళెలా ఉన్నాయి?" అని అడిగి వెళ్తున్నారు. సున్నా అన్నవాడు ఒక్కడూ లేడు.

ఈసారి అడిగాను. "కోపం తెచ్చుకోకండి. ఆ గండి మీరే కొట్టారా?"

అతను అటూ ఇటూ చూడలేదు, గొంతు తగ్గించలేదు.

"లేదండీ. ఆ మూడు రోజులూ మా అమ్మని సూరెక్కించి పట్టుకు కూర్చున్నాను. కిందికి దిగనే లేదు. ఎవరు కొట్టారో నాకూ తెలీదండీ."

తప్పుగా వేసిన బొమ్మ, దాని వల్ల కేసు, ఆ కేసు వల్ల పేరు, ఆ పేరు వల్ల ఈ తూము. ఇందులో ఏది ఎవరు చేసినట్టు? మీరు ఎప్పుడైనా ఒక మనిషి మొహం గీస్తే ముందు వెళ్ళి అడగండి, ఆ ఒక్కటి గట్టిగా చెప్పగలను. మిగతాది నాకు అంతుపట్టలేదు.

"మరి ఈ మాట మీ పల్లెలో చెప్పారా?" అన్నాను.

"సెప్పానండీ" అన్నాడు ఏసోబు. "ఎవరూ నమ్మలేదు."